పాస్ మార్కులొచ్చినా స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదు? ఎన్ఎంఎంఎస్ ఎంపిక ఇలా జరుగుతుంది

‘మా పాపకు పాస్ మార్కులు దాటినాయి, లిస్టులో పేరెందుకు లేదు?’ ఎన్ఎంఎంఎస్ ఫలితాలు వచ్చినాక చాలామంది తల్లిదండ్రులకు వచ్చే సందేహం ఇది. పాస్ కావడం వేరు, ఎంపిక కావడం వేరు.

ఎవరికి, ఎంత?
గవర్నమెంటు, జెడ్పీ, మునిసిపల్, ఎయిడెడ్ స్కూళ్లలో 8వ తరగతి చదివే పిల్లలకు ఈ పరీక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.3,50,000 దాటకూడదు. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 వస్తుంది. అంటే నాలుగేళ్లకు రూ.48,000.

మొదటి కొలత: పాస్ గీత
మేధాశక్తి పరీక్షకు 90, పాఠ్యాంశాల పరీక్షకు 90, మొత్తం 180 మార్కులు. రెండూ కలిపి 40 శాతం, అంటే 72 రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 32 శాతం, అంటే 58 చాలు. ఈ గీత దాటితే పోటీలో ఉన్నట్టు, అంతే.

రెండో కొలత: తోటి పిల్లలు
దేశం మొత్తానికి ఏటా 1,00,000 కొత్త స్కాలర్‌షిప్‌లు. మన రాష్ట్రం వాటా 4,087. వీటిని జిల్లాలవారీగా పంచి, జిల్లాలో రిజర్వేషన్ ప్రకారం, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ల నుంచి వరసగా ఇస్తారు. అందుకే 95 మార్కులకు ఒక జిల్లాలో సీటు రావచ్చు, ఇంకో జిల్లాలో రాకపోవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలు ఎవరైనా పోటీ పడేది తమ స్కూలు ఉన్న జిల్లా కోటాకే. జిల్లాలు మారినాయి కాబట్టి, మీ స్కూలు ఏ జిల్లా లెక్కలో ఉందో హెడ్‌మాస్టరును అడగండి. పనికోసం బెంగళూరు పోయి పిల్లలను అక్కడి గవర్నమెంటు స్కూల్లో చేర్పించి ఉంటే, వాళ్లకు వర్తించేది కర్ణాటక కోటా.

మీకన్నా తక్కువ మార్కులకు ఇంకొకరికి వచ్చిందంటే, ముందు వాళ్ల జిల్లా, కేటగిరీ చూడండి. మీ దరఖాస్తులో కులం తప్పు పడి ఉంటే హాల్‌టికెట్ నంబరుతో వెంటనే హెడ్‌మాస్టరుకు చెప్పండి.

మూడో కొలత: తర్వాతి చదువు
ఎంపికైనాక పోటీ ఎవరితోనూ లేదు. కానీ ఇవి తప్పనిసరి:
• 9వ తరగతి, ఇంటర్ మొదటి ఏడాది మొదటిసారే పాస్ కావాలి.
• పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం రావాలి.
• ప్రైవేటు స్కూలుకో, ప్రైవేటు కాలేజీకో మారితే డబ్బు ఆగిపోతుంది. పదో తరగతి తర్వాత డిప్లొమాలో చేరినా రాదు.
• నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మొదటి ఏడాది రిజిస్ట్రేషన్, తర్వాత ఏటా రెన్యువల్ చేయించాలి. బ్యాంకు ఖాతాకు పిల్లల ఆధార్ లింకు ఉండాలి.

ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు కోయరు. పిల్లలను ఒక్క ప్రశ్న కూడా వదలొద్దని చెప్పండి. 72 దగ్గర ఆగకుండా, వచ్చినన్ని మార్కులు తెచ్చుకోవడమే లక్ష్యం కావాలి.