ఒక కంటిచూపు హఠాత్తుగా తగ్గిన యెడల

కంటి వెనుకభాగమున రెటీనా యను పలుచని పొర కలదు. మనము చూచు వస్తువుల ప్రతిబింబము దీనిపైననే పడును. ఈ పొరకు ధమని రక్తమును తెచ్చును. సిర దానిని మరల గొనిపోవును. సిరలో రక్తము గడ్డకట్టి దారి మూసుకొనినచో, వెనుక నిలిచిన రక్తమును, నీరును పొరలోనికి స్రవించును. పొర నడిమిభాగము వాచి, చూపు మసకబారును.

ఈ వ్యాధి సాధారణముగా ఒక కంటికే వచ్చును. నొప్పి యుండదు, కన్ను ఎఱ్ఱబడదు. రెండవ కన్ను బాగుగా నుండుటచే కొందరికి ఈ లోపము కొన్నాళ్ళవరకు తెలియనే తెలియదు. తెలిసినవారును శుక్లమని తలచి ఊరకుందురు. శుక్లము నెలల తరబడి మెల్లగా ముదురును. సిర మూసుకొనినపుడు చూపు గంటలలోనో, దినములలోనో తగ్గును. ఈ భేదమును ఎల్లరును గుర్తింపవలెను.

50 ఏండ్లు దాటినవారికిని, రక్తపుపోటు, మధుమేహము, నీటికాసులు కలవారికిని, పొగత్రాగువారికిని ఈ ప్రమాద మెక్కువ. వీరు అప్పుడప్పుడు ఒక్కొక్క కన్ను మూసి, రెండవదానితో చూచి పరీక్షించుకొనుట మంచిది.

చూపు హఠాత్తుగా తగ్గినవారు కళ్ళజోళ్ళ దుకాణమునకు గాక, వెంటనే నేత్రవైద్య నిపుణుని కడకు పోవలెను. గ్రామ ఆరోగ్య కేంద్రమునకు వచ్చినవారికి రక్తపుపోటును, రక్తములోని చక్కెరను పరీక్షించి, ఆలస్యము లేక కంటి ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపవలెను. అచ్చట నిపుణుడు చుక్కలమందుతో కంటిపాపను పెద్దదిగా చేసి రెటీనాను చూచును. ఆనాడు కొన్ని గంటలు చూపు చెదరును గనుక, తోడుగా ఒకరు వెళ్ళుట మేలు.

వాపునకు కంటిలోనికి సూదిమందు ఇత్తురు. ముందుగా మత్తుచుక్కలు వేయుదురు గనుక భయపడ నక్కరలేదు. ఈ మందు పలుమార్లు తీసికొనవలసి యుండును. కొందరికి లేజరు చికిత్స అవసరమగును. పోయిన చూపంతయు తిరిగి రాకపోవచ్చును. కాని త్వరగా వచ్చినవారికి మేలు కలుగు అవకాశ మధికము.

ప్రధాన సిర మూసుకొనిన కొందరిలో, తొలి మూడునాలుగు నెలలలో కంటిపాప చుట్టునున్న రంగుపొరపై కొత్త రక్తనాళములు పుట్టును. అందుచే కంటిలో ఒత్తిడి పెరిగి, తీవ్రమైన బాధతో చూపు పూర్తిగా పోవచ్చును. కావున వైద్యుడు చెప్పిన దినమున మరల తప్పక పోవలెను.

రక్తపుపోటు, మధుమేహము మందులను మానరాదు. రెండవ కంటికి అవియే రక్ష.