పవర్ స్టీరింగు డబ్బా మూతకు గాలి ఆడనివ్వండి

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేలల్లో పదును ఎక్కువ రోజులు ఆగదు. చెనక్కాయ విత్తే ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టరు స్టీరింగు బరువెక్కి చేన్లో నిలబడిపోతే, నష్టం యజమాని ఒక్కడిదే కాదు. బాడుగకు మాట్లాడుకుని కాచుకున్న చిన్న రైతులందరిదీ.

స్టీరింగు బరువెక్కగానే పంపు పోయిందంటారు. కొందరు చిన్న డబ్బా తీసేసి పెద్దది వెల్డింగు చేయించుకుంటారు. ఈ రెండు ఖర్చులకూ ముందు మూత చూడండి.

డబ్బాలోని ఆయిలును పంపు లాగి, ఒత్తిడితో స్టీరింగు యూనిట్ ద్వారా ముందు చక్రాల సిలిండరుకు పంపుతుంది. పని అయ్యాక ఆయిలు మళ్లీ డబ్బాకే చేరుతుంది. డబ్బాలో మట్టం పెరిగి తగ్గుతుంటుంది కాబట్టి గాలి రాకపోకలకు మూతలోనో పక్కనో సన్న రంధ్రం ఉంటుంది. గుంటక తోలేటప్పుడు, రోటవేటరు వేసేటప్పుడు లేచే ఎర్రదుమ్ము ఆయిలు తడికి అంటుకుని ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. అప్పుడు పంపుకు ఆయిలు సరిగా అందదు. దుమ్ము పడకూడదని మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టేవారూ ఉన్నారు. దానివల్ల జరిగేదీ ఇదే.

పంపు కూతపెట్టినా, స్టీరింగు కుదుపులుగా తిరిగినా ఇంజను ఆపి మూత తీయండి. ఆయిలు తెల్లగా నురగ కట్టి ఉంటే గాలి చేరిందని అర్థం. కొంతసేపు కదపకుండా ఉంచినా తెలుపు పోకపోతే నీళ్లు కలిశాయి, మార్చాల్సిందే. నురగకు కారణం ఎక్కువగా మట్టం తగ్గడం, లేదా డబ్బా నుంచి పంపుకు పోయే పైపు క్లిప్పు వదులవడం. అక్కడ ఆయిలు కారకపోయినా గాలి లోపలికి పీలుస్తుంది. అందుకే చాలామందికి అనుమానం రాదు.

దుమ్ము చేలల్లో తిరిగే బండికి ఒక మార్పు మాత్రం చేయించుకోవచ్చు. గాలి రంధ్రం దగ్గర నిపిల్ బిగించి, ఆయిలుకు తట్టుకునే సన్న పైపును బానెట్ ఎత్తుకు తీసుకెళ్లి, కొనను కిందికి వంచి చిన్న ఫిల్టరు తగిలించాలి. మూతను డబ్బా నుంచి తీసి, దూరంగా పెట్టి రంధ్రం వేయించండి. ఇనుప రజను ఒక్క పలుకు ఆయిల్లో పడినా పంపును గీరేస్తుంది. గ్యారంటీ ఉన్న బండికి కంపెనీ మెకానిక్‌ను అడగకుండా ఏదీ చేయించవద్దు. కొన్ని ట్రాక్టర్లలో విడి డబ్బా ఉండదు, గేరు పెట్టెలోని ఆయిలే స్టీరింగుకూ పోతుంది. వాటికి ఈ మాట వర్తించదు.

పెద్ద డబ్బా పెట్టక తప్పదనుకుంటే అది పంపు కన్నా ఎత్తులోనే ఉండాలి. పంపుకు పోయే పైపు పాతదాని కన్నా సన్నం కాకూడదు. తిరిగొచ్చే ఆయిలు మట్టం కింద పడాలి, పైనుంచి ధారగా పడితే నురగే. రాళ్ల చేలల్లో అదురుకు బ్రాకెట్టు పగులుతుంది కనుక కింద రబ్బరు వాషర్లు వేయించండి.

ఆయిలు కంపెనీ పుస్తకంలో రాసినదే పోయాలి. చేతికందింది కదా అని బ్రేకు ఆయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. ఇంజన్లోంచి తీసిన పాత ఆయిలూ పనికిరాదు.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఈ రకం స్టీరింగుల్లో చాలావాటికి చక్రాలతో కడ్డీ లంకె ఉండదు, ఆయిలే లంకె. ఇంజను ఆగినా ఆయిలుంటే కష్టం మీద తిప్పుకోవచ్చు. పైపు తెగి ఆయిలంతా పోతే చక్రం చేతిలో ఊరికే తిరుగుతుంది. ట్రాలీలో బరువేసుకుని వంకలోకి దిగేటప్పుడు అలా అయితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. పైపులు ఇనుముకు రాసుకుంటున్నాయేమో పొద్దున బండి తీసే ముందే చూడండి.

పని ముగిశాక ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి దిమ్మె పెట్టి, ఇంజను మెల్లగా నడుపుతూ స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు తిప్పాలి. చివరన పట్టి ఉంచకూడదు. బుడగలు ఆగాక గీత వరకు ఆయిలు పోయండి. ట్రాక్టరు నడపడం, బాగు చేసుకోవడం నేర్చుకోదలచినవారికి గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. విత్తనాల హడావుడి మొదలవక ముందే వెళ్లి విచారించుకోండి.