నవ్వించేవాడు మోకరించిన రోజు

జానీ లీవర్ పేరు వినగానే మన పెదవులపైకి నవ్వొస్తుంది. 1993లో వచ్చిన 'బాజీగర్'లో ఆయన వేసిన మతిమరుపు నౌకరు బాబూలాల్‌ను చూసి నవ్వనివారు అరుదు. ఆయన మన తెలుగువాడేనని చాలామందికి తెలియదు. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957లో కనిగిరిలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ముంబైలోని ధారావిలో పెరిగారు.

ఇంట్లో పేదరికం. ఏడో తరగతితోనే చదువు ఆగిపోయింది. పొట్టకూటికి వీధుల్లో పెన్నులు అమ్మారు. ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? సినిమా హీరోల గొంతులు అనుకరిస్తూ, వాళ్లలాగే గంతులేస్తూ అమ్మారు. ఆ తర్వాత తండ్రి పనిచేసే హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరి బరువైన డ్రమ్ములు మోశారు. ఒకసారి కంపెనీ వేడుకలో పైఅధికారులను అనుకరించి అందరినీ కడుపుబ్బ నవ్వించారు. ఆనాటి నుంచి జాన్ కాస్తా జానీ లీవర్ అయ్యారు. సాక్ష్యాలు వినేటప్పుడు మనం ఇలాంటి రోజులను గబగబా దాటేసి అద్భుతం దగ్గరకు పరుగెత్తుతాం. కాని ఆయన తలాంతు పదునెక్కింది ఆ డ్రమ్ముల మధ్యనే కదా!

1981లో ఉద్యోగం మానేసి స్టేజీ ప్రదర్శనలకు అంకితమయ్యారు. సునీల్ దత్ ఆయన ప్రతిభ చూసి 1982లో 'దర్ద్ కా రిష్తా'లో వేషమిచ్చారు. రక్త క్యాన్సర్ సోకిన ఒక చిన్నారి కథ అది. అంతకు ముందు సంవత్సరమే సునీల్ దత్ భార్య నర్గీస్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన ఇంటికీ అటువంటి కబురు వస్తుందని ఆ కొత్త నటుడు అప్పుడు ఊహించి ఉండరు.

తర్వాత మూడు వందలకు పైగా సినిమాలు, రెండు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు, పేరు, డబ్బు అన్నీ వచ్చాయి. దేవుడు మాత్రం దూరంగానే ఉన్నాడు. పుట్టుకతో క్రైస్తవుణ్నే గాని భక్తి లేదని ఆయనే ఒప్పుకున్నారు. మన సంఘాల రిజిస్టర్లలో అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో!

అప్పుడు చిన్నవాడైన కుమారుడి మెడలో కణితి బయటపడింది. ఆపరేషన్ చేస్తే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు అన్నారు ఇక్కడి డాక్టర్లు. దేశాన్నంతా నవ్వించిన మనిషికి కొడుకు ముందు నవ్వడానికి కూడా శక్తి లేకపోయింది. అమెరికాలో ఉండగా ఒక పాదిరిగారు న్యూయార్క్‌లోని ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఒకప్పుడు నర్గీస్‌కు చికిత్స చేసిన ఆసుపత్రే అది! బిడ్డ ఆపరేషన్ గదిలో ఉంటే ఆ తండ్రి ప్రార్థనలో ఉన్నారు. కణితి తీసేశారు, బిడ్డ బ్రతికాడు. డాక్టరు చేతిని, దేవుని చేతిని విడదీసి చూడాల్సిన పని మనకెందుకు?

కష్టం వస్తేగాని దేవుడు గుర్తుకు రాలేదా అని పెదవి విరిచేవారున్నారు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కూడా కూతురు చావుబ్రతుకుల్లో ఉన్నప్పుడే వచ్చాడు. సమాజమందిరపు అధికారి అయి ఉండీ జనమంతా చూస్తుండగా యేసు పాదాలపై పడ్డాడు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని ప్రభువు అడగలేదు. లేచి అతనితో నడిచాడు. ఆ ఇంట్లో ఏడుస్తున్నవాళ్లే ప్రభువు మాట విని ఎగతాళిగా నవ్వారు. నవ్వులన్నీ ఒకటి కావు మరి!

మారుమనస్సు పొందినవాడు సినిమాలు మానేయాలి కదా అని మన పెద్దలు కొందరంటారు. జానీ మానలేదు. 2006లో జీ టీవీలో 'జానీ ఆలా రే' అనే కార్యక్రమం కూడా చేశారు. శతాధిపతియైన కొర్నేలీని కొలువు మానమని పేతురు ఆజ్ఞాపించినట్టు అపొస్తలుల కార్యములలోనూ కనబడదు. క్రైస్తవ కూడికల్లో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేస్తే, నోరు విప్పకముందే మనం నవ్వడానికి సిద్ధమైపోతాం. ఆయన మాత్రం కొడుకు సంగతి చెబుతారు.