మీకు తెలుసా? పాత బాకీకీ గడువుంది!

ప్రోనోటును బీరువాలో ఎంత భద్రంగా దాచినా దానికీ ఆయుష్షుంది! ఎంతో తెలుసా? 3 ఏళ్లు! ఆలోపే కోర్టులో దావా వేయాలి. దాటిందా, ఆ అప్పుకు కాలదోషం పట్టినట్టే!

మరి లెక్క ఎప్పటి నుంచి? "అడిగినప్పుడు ఇస్తాను" అని రాసిన నోటుకు, అడిగిన రోజు నుంచి కాదు! రాసిన రోజు నుంచే! 2022 నవంబరు 10న రాశారా? మధ్యలో చెల్లూ సంతకమూ లేకపోతే, 2025 నవంబరు 10తో సరి!

గడువు దాటాక మీ మీద దావా వేస్తే? మీరు ఆ మాట ఎత్తకపోయినా సరే, కోర్టే దాన్ని కొట్టేయాలి! 1963 నాటి లిమిటేషన్ చట్టం అలాగే చెబుతోంది!

అలాగని సమన్లు అందుకుని చూరులో దోపేయకండి! జవాబు దాఖలు చేయడానికి మామూలుగా దొరికేది 30 రోజులే! అందిన రోజే లాయరును కలవండి!

ఇది వినండి! "బాకీ ఉన్న మాట నిజమే, కానీ ఇవ్వను" అని గడువులోపు రాసి సంతకం పెట్టారా? బాకీ ఒప్పుకున్నట్టే! "ఇవ్వను" అన్న మాట మిమ్మల్ని కాపాడదు! ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు!

నోటు వెనక రాసే చెల్లుకూ అంతే బలముంది! గడువులోపు 100 రూపాయలు కట్టి, చెల్లు రాసి సంతకం చేస్తే చాలు. లక్షల అప్పుకైనా గడువు మళ్లీ మొదటికి!

కాలదోషం పట్టిన అప్పుకు మళ్లీ ప్రాణం వస్తుందా? ఫోన్లో నోటిమాటతో రాదు! కానీ "కడతాను" అని కాగితం మీద రాసి సంతకం పెట్టారా, లేచి కూర్చుంటుంది! 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందీ సంగతి. "ఊరికే ఇక్కడో సంతకం" అంటే చదవకుండా పెట్టకండి!

దుబాయిలోనో డాలస్‌లోనో ఉంటే గడువు దానంతటదే గడిచిపోతుందనుకుంటున్నారా? లేదు! బాకీదారు దేశంలో లేని కాలం లెక్కలోకే రాదు! 5 ఏళ్లు అక్కడుండి వస్తే, ఆ 5 ఏళ్లూ తీసేసి లెక్కిస్తారు!

ఇల్లో పొలమో తనఖా పెట్టారా? ఆ బాకీకి 3 ఏళ్ల లెక్క చెల్లదు! తనఖా ఆస్తి మీద వసూలు దావాకు గడువు 12 ఏళ్లు!

బ్యాంకు రికవరీ ఏజెంటు రాత్రిపూట ఫోన్ చేస్తున్నాడా? కుదరదు! బాకీ అడగడానికి ఉదయం 8 నుంచి సాయంత్రం 7 వరకే అనుమతి! ఇది రిజర్వు బ్యాంకు నిబంధన! బంధుమిత్రుల ముందు పరువు తీయడం కూడా నిషిద్ధమే!

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాలేదా? రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు! ఫీజు పైసా కూడా లేదు!

"కట్టకపోతే జైలే" అని బెదిరిస్తున్నారా? భయపడకండి! చేతిలో నిజంగా లేక కట్టలేని మనిషిని, బాకీ కట్టలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చి చెప్పింది!

చివరగా ఒక రహస్యం! కాలదోషం పట్టినా అప్పు చచ్చిపోదు! మూసుకుపోయేది కోర్టు దారే. మీ అంతట మీరు కడితే అది న్యాయమైన చెల్లింపే, అందులో 1 రూపాయి కూడా వెనక్కి అడగలేరు! కట్టాలా వద్దా అన్నది మీ మనసుకు తెలుసు. కానీ ఆ నిర్ణయం భయంతో తీసుకోకండి! పాత బాకీ అంటూ ఎవరైనా తలుపు తడితే, ముందు నోటు మీద తేదీ చూడండి! కలం ఆ తర్వాతే!