నలుపు చలువ కాదు

నల్ల కళ్లద్దాలను మనం చలువ కళ్లద్దాలు అంటాం. నలుపులో చలువ ఉందన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. కారు అద్దాలకు ఫిల్మ్ వేయించేటప్పుడు ముదురు రంగు వైపు చెయ్యి పోయేదీ ఆ నమ్మకంతోనే. ఆ ఫిల్మ్ నడిచి వచ్చిన దారి చూస్తే, అది నలుపును ఒక్కో మెట్టూ వదిలించుకున్న కథ.

దాని పుట్టుక పాలియెస్టర్‌లో ఉంది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ఆ పదార్థాన్ని తయారుచేశారు. దాన్ని పలుచగా, గట్టిగా, పారదర్శకంగా సాగదీయడం తర్వాతి మెట్టు. 1966లో అమెరికాలోని త్రీఎం కంపెనీకి ఒక పేటెంట్ దక్కింది. పలుచని పొర మీద అల్యూమినియం ఆవిరిని పట్టించి, ఎండను వెనక్కి తిప్పికొట్టే కిటికీ ఫిల్మ్ అది.

చవకగా దొరికింది మాత్రం రంగు వేసిన ఫిల్మ్. అది ఎండను తిప్పికొట్టదు, తాగేస్తుంది. దాంతో అద్దమే కాగి, ఆ సెగలో కొంత లోపలికే విడుస్తుంది. కొన్నేళ్లకు రంగు వెలిసి ఊదాగా మారుతుంది, బుడగలు లేస్తాయి. లోహపు పూత ఫిల్మ్ వేడిని బాగానే ఆపింది గానీ రేడియో, జీపీఎస్ సిగ్నళ్లకు అడ్డం పడింది.

అసలు కిటుకు ఎండలోనే ఉంది. నేలను చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. వాటిని ఆపడానికి వెలుగును ఆపనక్కర్లేదు. సిరామిక్ ఫిల్మ్‌లోని అతి సూక్ష్మమైన లోహ ఆక్సైడ్ రేణువులు కనిపించే కాంతిని చాలావరకు పోనిచ్చి, పరారుణాన్ని పట్టుకుంటాయి. మరో రకంలో లోహమే ఉండదు. రెండు వందలకు పైగా ప్లాస్టిక్ పొరలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. సబ్బు బుడగ మీద రంగులు తేలే సూత్రంతోనే అవి పరారుణాన్ని వెనక్కి పంపుతాయి. అందుకే మంచి లేత ఫిల్మ్ ఒకటి, నల్లటి రంగు ఫిల్మ్ కంటే ఎక్కువ వేడిని ఆపగలదు.

కొనేటప్పుడు రెండు అంకెలు అడగండి. మొదటిది వీఎల్‌టీ, అంటే ఎంత శాతం వెలుగు లోపలికి వస్తుందో చెప్పేది. అంకె పెరిగేకొద్దీ ఫిల్మ్ లేత. మన దేశంలో ముందు, వెనుక అద్దాలకు కనీసం 70, పక్క అద్దాలకు 50 ఉండాలి. ఈ లెక్క అద్దానికీ ఫిల్మ్‌కీ కలిపి. 80 శాతం వెలుగునిచ్చే పక్క అద్దానికి 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 56. 50 శాతం ఫిల్మ్ వేస్తే 40కి పడిపోతుంది. 2012లో సుప్రీం కోర్టు ఫిల్మ్ అతికించడాన్నే నిషేధించింది. 2021లో నిబంధన మారాక, పరిమితికి లోబడిన ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. మీ ఊళ్లో అమలు ఎలా ఉందో ముందే కనుక్కోండి.

రెండోది టీఎస్ఈఆర్, మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆగుతుందన్న లెక్క. దుకాణంలో హీట్ ల్యాంప్ ముందు ఫిల్మ్ పట్టి, దాని వెనుక మీ చెయ్యి పెట్టమంటారు. ఆ దీపం ఇచ్చేది ఎక్కువగా పరారుణమే కాబట్టి, ఎండలో దక్కే ఫలితం కంటే అక్కడ గొప్పగా కనిపిస్తుంది.

ఎండ సంగతి పగటితో సరి. అద్దం మాత్రం రాత్రీ అదే. హైవే నుంచి ఊరి దారిలోకి మలుపు తిప్పేటప్పుడు, దీపం లేని సైకిల్ మీద వస్తున్న మనిషి కనిపించేది ఆ పక్క అద్దంలోంచే. వేడిని ఎంతైనా ఆపండి, ఆ కాస్త వెలుగును లోపలికి రానివ్వండి.