సబ్బునీళ్ళ గదిలో పదిరోజులు

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి రాస్తారు. నేను సబ్బునీళ్ళ పంపుల గురించి రాస్తున్నాను. కారణం చెబుతాను. 2024 వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ దగ్గర ఉంటున్న మా బావమరిది ఇంటికి వెళ్ళాం. తీరా వెళ్ళేసరికి అతని కుడిభుజానికి ఆపరేషనై చెయ్యి మెడకు వేలాడుతోంది. అతనికి అక్కడ కార్లు కడుక్కునే స్థలం ఒకటి ఉంది. అదే అతని జీవనాధారం. ఇంట్లో కూచుని ఏం చెయ్యాలి? నోరు అతనిది, చేతులు నావి అనే ఒప్పందంమీద పదిరోజులపాటు రోజూ ఉదయం అతని వెంట వెళ్ళాను.

అక్కడ కారు కడిగిపెట్టే మనిషంటూ ఉండడు. పైన కప్పు, రెండుపక్కలా గోడలు, ముందూ వెనకా ఖాళీ - అల్లాంటి కొట్లు వరసగా ఉంటాయి. కారు లోపలికి తెచ్చి, గోడకున్న పెట్టెలో పావుడాలరు నాణేలు వేసి మీట తిప్పితే కాలం లెక్క మొదలవుతుంది. టైర్ల మందు, నానబెట్టే సబ్బు, నురగ బ్రష్షు, మైనం - మీట దేనిమీద పెడితే అది వస్తుంది. కడుక్కోవడం మాత్రం ఎవరికి వారే. రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఈ కొట్లమధ్య తాళంవేసిన చిన్నగది ఒకటి ఉంది. అసలు ప్రాణమంతా అందులోనే. ఒక మూల గాలిని బిగించే కంప్రెసరు, గోడవారగా సబ్బుల పీపాలు, వాటిపైన గోడకు బిగించిన చిన్న చిన్న పంపులు. మురికిని ఊడగొట్టే పెద్దధారకు మోటారు పంపు వేరే ఉంది. ఈ చిన్నవి మందులు అందించడానికే. వీటికి కరెంటుతో పనిలేదు; గాలితో నడుస్తాయి.

కమ్మరి కొలిమితిత్తి చూసినవాళ్ళకు దీని మర్మం చెప్పడం తేలిక. ఒకే కడ్డీకి రెండు కొసలా రెండు తిత్తులు కట్టారనుకోండి. ఇక్కడ తిత్తికి బదులు రబ్బరు పొర. గాలి వెనకనుంచి ఒక పొరను నెడితే దాని ముందున్న సబ్బు బయటికి పోతుంది. అదే కడ్డీ లాగడంవల్ల రెండో పొర వెనక్కి వచ్చి పీపాలోని సబ్బును పీలుస్తుంది. కడ్డీ కొసకు చేరగానే ఒక చిన్న వాల్వు గాలిదారిని అటునుంచి ఇటు మారుస్తుంది. మారినప్పుడల్లా ‘టక్’ మంటుంది. పోయిన సబ్బు వెనక్కి రాకుండా లోపల రబ్బరు కవాటాలు ఉంటాయి. రెండు పొరల గాలిపంపును 1955లో జిమ్ విల్డెన్ అనే అమెరికన్ కనిపెట్టాడు.

నీళ్ళు చిమ్మే చోట పంపుకు కరెంటు తీగ లేకపోవడమే ఒక మేలు. అంతకన్నా గొప్పగుణం ఇంకోటి ఉంది. బయటికి పోయే దారి మూసేస్తే ఈ పంపు తనంతట తానే ఆగి నిలబడుతుంది, వేడెక్కి కాలిపోదు. ఎవరో మీట తిప్పి దారి తెరవగానే మళ్ళీ టక్, టక్ మంటూ బయలుదేరుతుంది.

మొదటిరోజు నేను స్పానరు పుచ్చుకుని సిద్ధంగా నిలబడితే మా బావమరిది నవ్వి, “ముందు వినండి బావగారూ. స్పానరుతో తరవాత పని” అన్నాడు.

అప్పుడు కొట్లలో ఒక్క కారూ లేదు. అయినా నురగసబ్బు పంపు నిమిషానికోసారి టక్కుమంటోంది. “ఎవరూ కడుక్కోవడంలేదు. మరి సబ్బు ఎక్కడికి పోతోంది?” అన్నాడు. పంపు ముందున్న కుళాయి మూయమన్నాడు. మూశాను. టక్కు ఆగిపోయింది. “అయితే పంపులో జబ్బు లేదు, అవతల ఎక్కడో కారుతోంది. మూసినా టక్కుమంటే పంపులోపలి కవాటమో, పొరో పాడైందన్నమాట” అని చెప్పాడు. వెతగ్గా మూడో కొట్టు పైపు అతుకు దగ్గర నురగ కనిపించింది. రాత్రంతా అలా కారితే పొద్దుటికి ఎంత సబ్బు వృథా!

పద్యంలో గణభంగమైతే చెవికి తగులుతుంది కదా. నాలుగురోజులు పోయేసరికి ఇదీ అల్లాగే పట్టుబడింది. టకటకమని పరుగెడుతూ సబ్బు ఇవ్వడంలేదంటే పీపా ఖాళీ అయి ఉండాలి, లేదా పీల్చే గొట్టంలో ఎక్కడో గాలి దూరుతూ ఉండాలి. నీరసంగా ఈడుస్తోందంటే గాలివాల్వులో మురికో తడో చేరి ఉంటుంది. లేదా ముందు దారి పూడుకుని ఉంటుంది. గాలి వదిలే రంధ్రంలోంచి సబ్బునురగ వస్తే ఇక అనుమానం అక్కర్లేదు, పొర చిరిగిందన్నమాటే.

ఇన్ని జబ్బులకూ మూలం చాలావరకు రెండే: గాలిలో నీరు, సబ్బులో నలక. గాలిని బిగించి చల్లారనిస్తే అందులోని తేమ నీరవుతుంది. ఉక్కబోసే రోజుల్లో మరీను. అంచేత రోజూ ఉదయం కంప్రెసరు టాంకీ అడుగున ఉన్న కుళాయి తిప్పి నీరు వదలాలి. పంపుకు ముందున్న వడపోత గిన్నెలో చేరిన నీరూ వదలాలి. ఆ నీరు పంపులోకి పోతే గ్రీజును కడిగేస్తుంది, తుప్పు పట్టిస్తుంది. చలికాలంలో ఇంకో చిక్కుంది. బిగించిన గాలి ఒక్కసారిగా వదులైతే చల్లబడుతుంది. అందులోని తడి పంపు ముక్కుదగ్గరే మంచుగడ్డై ఊపిరాడనివ్వదు. ఇక పీపాలోకి దించిన గొట్టం కొసన జల్లెడ ఉంటుంది. దాన్ని వారానికోసారి కడగకపోతే నలక పోయి కవాటంలో ఇరుక్కుంటుంది.

నూనె వేస్తే యంత్రానికి మంచిదని నాబోటివాడికి తోస్తుంది. నూనెడబ్బా అందుకోబోతే బావమరిది కేకవేశాడు. ఈ పంపుల్లో ఎక్కువగా వాడే ఒకరకం రబ్బరు సబ్బులకూ క్షారాలకూ తట్టుకుంటుందిగాని, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుందిట! పంపుతో వచ్చిన కాగితం చదవకుండా చుక్క నూనె కూడా వెయ్యకూడదన్నాడు.

ఇంత నేర్చుకున్నాక సహజంగానే నాకు కాస్త గర్వం వచ్చింది. ఏడోరోజున అతను భుజానికి వ్యాయామం చేయించుకోడానికి ఆస్పత్రికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే గదిలో ఉన్నాను. టైర్లమందు పంపు ఉత్తపుణ్యానికి టక్కుమంటోంది. పంపు ముందున్న కుళాయి మూశాను, టక్కు ఆగింది. గోడవెంట చూస్తే గొట్టం క్లాంపు దగ్గర తడి! ఓస్, ఇంతేగదా అనుకున్నాను. పంపుకు వచ్చే గాలి కట్టేశాను. క్లాంపు వదులు చేశాను.

గాలి కట్టేసినంతమాత్రాన గొట్టంలో ఉన్న ఒత్తిడి పోదు. కుళాయి మూయడంతో అది అవతలే చిక్కుపడి ఉంది. గొట్టం ఊడి, ఆ మందు నా మొహాన కొట్టింది.

అది సామాన్యమైన సబ్బు కాదు, గాఢమైన క్షారం. చెంప భగ్గుమంది. నా అదృష్టం, నాకు దూరపుచూపు కళ్ళజోడు ఉంది. కుడి అద్దంనిండా మందు కారుతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ కుళాయి దగ్గరికి పోయి పావుగంటసేపు మొహం, కళ్ళు కడుక్కున్నాను. తరవాత డాక్టరు చూసి కళ్ళకు ప్రమాదం లేదన్నాడు. చెంప మాత్రం వారంరోజులు ఎర్రగా ఉంది. మా ఆవిడ తమ్ముణ్ణి రెండురోజులు చెడామడా తిట్టింది. అతను బదులు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే పక్కలు కూడా కప్పే కళ్ళద్దాలు, మోచేతిదాకా వచ్చే తొడుగులు కొనుక్కొచ్చి గది తలుపు లోపల తగిలించాడు. “ఇవి ముందే కొనవలసింది బావగారూ. నాకు అలవాటేగదా అని ఊరుకున్నాను” అన్నాడు.

అలవాటు! ఆ మాట ఇద్దరికీ వర్తిస్తుంది. అతనికి ఏళ్ళ అలవాటువల్ల భయం పోయింది. నాకు ఏడురోజుల అలవాటుకే పోయింది.

తిరిగివచ్చేముందు ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను: “ముందు కళ్ళద్దాలు. తరవాత గాలి కట్టు. ఆ తరవాత కొట్లో మీట తిప్పి గొట్టం ఖాళీచెయ్యి. అప్పుడే స్పానరు.” కింద అదే ఇంగ్లీషులో బావమరిది రాశాడు.

మొన్న ఫోను చేశాడు. భుజం బాగైందిట, పని తనే చూసుకుంటున్నాడుట. “పంపులెల్లా ఉన్నాయోయ్?” అన్నాను. సమాధానం చెప్పకుండా ఫోను గోడదగ్గర పట్టుకున్నాడు. కాసేపు విన్నాను. ఏమీ వినపడలేదు.

“కొట్లలో కార్లు లేవా?” అన్నాను.

“లేవు బావగారూ.”

“అయితే బాగానే ఉన్నాయి” అన్నాను.