పాతిక రూపాయల పంతులు

చదువు ముగియకముందే కొలువులో చేరిన యువకుణ్ణి చూచి మన పెద్దలు తల పంకిస్తారు. నెలజీతం రుచి మరిగినవాడు మళ్ళీ పుస్తకం పట్టడం కల్ల అని వారి అభిప్రాయం. అది నిరాధారమైన భయం కాదు. పట్టపరీక్ష ఈ యేడు కాకుంటే వచ్చే యేడని వాయిదా వేస్తూ, గుమాస్తా కుర్చీలోనే తల నెరిసిన తెలివిగలవారిని ప్రతి ఊరిలోనూ చూస్తున్నాము. 1884లో విజయనగరంలో ఒక యువకుడు సరిగ్గా ఆ ప్రమాదపుటంచున నిలబడి ఉన్నాడు. ఆయన గురజాడ వేంకట అప్పారావు.

ఆ యేడే ఆయన ఎఫ్. ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. మెట్రిక్యులేషను పైన రెండేళ్ళ చదువు అది. దాని పైన మరి రెండేళ్ళు చదివితే గాని మద్రాసు విశ్వవిద్యాలయం బి. ఏ. పట్టం ఇచ్చేది కాదు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేళ్ళు. తండ్రి వేంకటరామదాసుగారు విజయనగర సంస్థానపు కొలువులో ఉండి చీపురుపల్లిలో పనిచేసిన కాలంలో అక్కడే అక్షరాలు దిద్దుకున్న బాలుడు, తండ్రి గతించిన తరువాత విజయనగరం చేరుకున్నాడు. మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు ఆ కుర్రవానికి తిండీ, బసా ఉచితంగా ఏర్పాటు చేశారు. పరాయి ఇంటి అన్నం తిని చదువుకున్నవానికి సొంత సంపాదన ఎంత అవసరమో, అంత గౌరవం కూడాను. కనుక ఎఫ్. ఏ. ముగిసిన ఆ యేడే మహారాజావారి హైస్కూలులో ఉపాధ్యాయ పదవిని స్వీకరించాడు. జీతం నెలకు పాతిక రూపాయలు.

అయితే బడిలో అడుగుపెట్టిన ఈ పంతులు ఊరూ పేరూ లేనివాడు కాదు. 1882లోనే ఆంగ్లంలో కోకిలను గూర్చి ఒక పద్యం వ్రాశాడు. ఆ మరుసటి యేడు ఆయన ఆంగ్ల కావ్యం 'సారంగధర' 'ఇండియన్ లీజర్ అవర్' అనే పత్రికలో వెలువడింది. ఆ పత్రిక సంపాదకుడు గుండుకుర్తి వేంకటరమణయ్యగారు ఆయనను బాగా ప్రోత్సహించారు. కలకత్తాలో 'రయీస్ అండ్ రయ్యత్' పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యాన్ని చూచి మెచ్చుకొని, తన పత్రికలో పునర్ముద్రించారు. తెలుగులో వ్రాయమని ఆయనకు హితవు చెప్పినది కూడా ఆ వంగదేశీయుడే. పరభాషలో ఎంత ప్రతిభ చూపినా పరాయివాడుగానే మిగులుతావని ఆ మాటల సారాంశం. ఎక్కడి కలకత్తా, ఎక్కడి విజయనగరం! తెలుగు కవికి తెలుగు దారి చూపడానికి వంగదేశం నుండి ఒకరు పూనుకోవలసి వచ్చింది.

1885లో అప్పల నరసమ్మగారితో వివాహం జరిగింది. బడిలో పాఠాలు, ఇంట కొత్త సంసారం, ఎదుట పట్టపరీక్ష: మూడూ ఒక్కసారే మీద పడ్డాయి. పైగా ఎన్నుకున్నది తత్వశాస్త్రం, దానికి తోడు సంస్కృతం. కాలక్షేపానికి పుటలు తిరగవేస్తే ఒంటబట్టే విషయాలు కావవి. పగలు పిల్లలకు బోధించి అలసినవాడు రాత్రి తానే విద్యార్థి కావడం ఎటువంటిదో, ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులలో పలువురికి నేను వివరించనక్కరలేదు. 1886లో ఆయన పట్టభద్రుడైనాడు.

ఈ రెండు సంవత్సరాల ఉపాధ్యాయత్వం ఆయనకు పాతిక రూపాయలు మాత్రమే ఇచ్చిందంటే నేను నమ్మను. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తెర తీయగానే కనుపించేది విజయనగరమే. పరీక్ష పోగొట్టుకున్న వెంకటేశం, పాఠం తప్ప మిగిలినవన్నీ నేర్పే గిరీశం! బల్ల ముందు నిలిచి, వరుసలలో కూర్చున్న వెంకటేశాలను ప్రతిదినం చూచినవాడికే ఆ ఇద్దరూ అంత సజీవంగా పట్టుబడతారని నాకు తోస్తుంది. దీనికి నిదర్శనం అడిగితే నాటకమే తప్ప వేరొకటి చూపలేను.

ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారి కథ మరొక తీరున నడచింది. 1879లో మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం ముప్పది రూపాయలు. అంటే నాలుగేళ్ళ తరువాత ఎఫ్. ఏ. చదివి చేరిన అప్పారావుగారి కంటె అయిదు రూపాయలు ఎక్కువే. కాని పైచదువు మాత్రం సాగదీసుకొని పోయింది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్. ఏ. ముగించేసరికి 1886, చరిత్రలో బి. ఏ. పట్టం అందుకొనేసరికి 1896 వచ్చాయి. పదహారేళ్ళు! ఆ కాలం వృథా అయిందా? పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు ఉన్నారు. వారి భాష నేర్చుకోవాలన్న కోరిక ఆయనకు అక్కడే పుట్టింది. తెలుగు వచ్చిన సవరను ఇంట ఉంచుకొని, ఆ భాష నేర్చి, పిల్లలకు వాచకాలు వ్రాసి, స్వంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథానికి బీజం ఆ ముప్పది రూపాయల కొలువులోనే పడింది. ఏ కళాశాలలోనూ ఆనాడు సవర భాష చెప్పేవారు లేరు.

తిరిగి అప్పారావుగారి వద్దకు వస్తే, పట్టం చేతికి రాగానే ఆయనకు పూలబాట ఏమీ పరచుకోలేదు. 1886లో కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేశాడు. కచేరీలో నిలదొక్కుకుంటే క్రమంగా పై మెట్లు ఎక్కవచ్చు. ఆ కాలంలో బి. ఏ. పట్టం గలవానికి సర్కారు కొలువు కంటె ఆకర్షణ ఏముంటుంది? అటు ఫైళ్ళు, ఇటు పాఠాలు. ఆయన ఫైళ్ళ వైపు ఉండిపోయి ఉంటే మన సాహిత్య చరిత్ర ఏమయ్యేదో ఊహించడానికి నాకు మనసొప్పదు.

1887 అక్టోబరు 13వ తేదీన ఆయన మహారాజావారి కళాశాలలో నాలుగవ తరగతి అధ్యాపకుడుగా చేరాడు. ఇరువదియైదవ యేడు నిండి మూడు వారాలు దాటింది. ఆ సంవత్సరమే కుమార్తె లక్ష్మీనరసమ్మ జన్మించింది. సంస్థానాధీశుడైన ఆనందగజపతి మహారాజుతో పరిచయం కలిగింది కూడా ఇంచుమించు ఆ రోజులలోనే. జీతం ఈసారి నూరు రూపాయలు. మూడేళ్ళ క్రిందటి పాతికకు సరిగ్గా నాలుగింతలు. కళాశాల మాత్రం పాతదే: చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనకు తిండీ బసా చూపించి చదివించిన కళాశాల.